గుమ్మడిగాడి నడక

విశ్వరూపాచారిగారు శిష్యుల ప్రశ్నలకి జవాబు చెప్పేవారు కారు. "గీసుకురా" అనేవారు. ఏనుగు కూర్చోబోయే ముందు ఏ కాలు మడుస్తుందండీ అంటే, గీసుకురా. కోపమొచ్చిన కోడి మెడ ఎటు తిప్పుతుందండీ అంటే, గీసుకురా. మా మరదలి పెళ్ళండీ, రెండ్రోజులు సెలవు కావాలండీ అన్నవాడితో కూడా అలవాటు కొద్దీ "గీసుకురా" అనేసి, నాలిక్కరుచుకుని, "సరే, వెళ్ళు. భోజనాల బంతి గీసుకురా" అని సర్దుకున్నారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పుకునేవాటిలో గేదెదూడ సంగతి ఒకటుంది. అందులో ఆయన జవాబు చెప్పినట్టో చెప్పనట్టో వాళ్ళలో వాళ్ళకే ఇంతవరకూ తేలలేదు.

ఆచారిగారు వయసులో ఉండగా కాకినాడ సినిమాహాళ్ళకి గుడ్డబేనర్లు గీసినవారు. నిలబడ్డ బొమ్మలు గీసి గీసి విసుగెత్తి, కదిలే బొమ్మల మీద మనసు పడి, పెద్దతనంలో ఒక పిండిమర మీది మేడగది అద్దెకి తీసుకున్నారు. వచ్చినవాళ్ళకి నేర్పుతూ, పిల్లల కోసం చిన్నచిన్న చిత్రాలు తీసేవారు. కంప్యూటర్లు అప్పటికింకా ఆ వీధిలోకి రాలేదు. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద కాగితం మీద కాగితం పెట్టి, ఒక్కో కదలికకీ ఒక్కో బొమ్మ పెన్సిలుతో గీసేవాళ్ళు. మరలో బియ్యం ఆడుతుంటే పైన బల్లలన్నీ సన్నగా వణికేవి. మిరపకాయలు ఆడుతుంటే శిష్యులందరూ ఒక్క గొంతుతో తుమ్మేవాళ్ళు. ఆ పూట గీసిన జంతువులన్నీ కాస్త ఉలిక్కిపడ్డట్టు ఉండేవి.

గీసిన బొమ్మల్ని కెమెరాకెక్కించి, పాత టీవీలో వేసి చూసుకునే రోజున, ఆచారిగారు మెట్ల దగ్గర నిలబడి, కింద పిండికోసం కాచుక్కూచున్నవాళ్ళని పైకి పిలిచేవారు. "వాళ్ళకి మనల్ని మెచ్చుకోవాల్సిన అవసరం లేదు, పిండి పడేదాకా వేరే పనీ లేదు. ఇంతకన్నా నికార్సయిన ప్రేక్షకులు ఎక్కడ దొరుకుతారు?" అనేవారు.

ఆ గదిలో పెద్ద శిష్యుడు తలాటం నూకరాజు. ముప్పై దాటినవాడు. ఇక్కడికి రాకముందు అతనికి గురువులెవరంటే, అగ్గిపెట్టె మీది పులి, లారీల వెనక చిలకలు, కిరాణాకొట్టు కేలండర్లు. "మా గురువులెవరూ నోరెత్తరండి, అందుకే నాపాటి బుర్రకి కూడా చదువొచ్చింది" అనేవాడు. చిన్నప్పుడు ఓ జ్వరం వచ్చి, పోతూపోతూ అతని ఎడంకాలి సత్తువ మూటగట్టుకుపోయింది. ఆ కాలు గురించి లోకం ఏదన్నా అనేలోపు తనే అనేసేవాడు. "నా రెండు కాళ్ళూ ఒకేసారి బయల్దేరతాయండి. కుడికాలు బస్సులో వచ్చేస్తాది, ఎడంకాలు పోస్టులో వస్తాది." జనం నవ్వేవాళ్ళు. నవ్వించింది తనే కాబట్టి ఆ నవ్వు తన సొత్తేనని నూకరాజు ధీమా. ఇక ఈ పని అతనికి నచ్చడానికి బొమ్మల మీద ప్రేమ ఎంత కారణమో, బల్ల కూడా అంత కారణం. బల్ల ముందు కూచున్నవాడి కాళ్ళు ఎవరికీ కనపడవు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి కూచునేవాడు, సాయంత్రం అందరూ వెళ్ళాక లేచేవాడు. శ్రద్ధంటే అలా ఉండాలని కొత్తగా చేరినవాళ్ళకి అతన్ని చూపించేవాళ్ళు. నూకరాజు కాదనేవాడు కాదు. ఊరికే వచ్చిన మంచిపేరుని ఎవడు వద్దంటాడు?

అలాంటివాడికి ఆచారిగారు కొత్త చిత్రం కథ చెప్పి, కథానాయకుణ్ణి అప్పగించారు. గేదెల మంద ఒకటి రోజూ ఏటిగట్టు మీదుగా మేతకి పోయి వస్తుంది. అందులో గుమ్మడికాయలా గుండ్రంగా ఉండే పోతుదూడ గుమ్మడిగాడు. వాడికి ముందుకాలు ఒకటి కుంటి. అందరూ వెళ్ళిపోయాక చివర్న వస్తాడు, మిగతా దూడలు వాణ్ణి ఆటలో చేర్చుకోవు. ఒకనాడు వాన ముంచుకొచ్చి మంద సగం దారిలోంచి వెనక్కి తిరుగుతుంది. గట్టు ఇరుకు, కాబట్టి తిరిగేసరికి చివరివాడు మొదటివాడవుతాడు. అడుగున నీళ్ళు కోసేసిన గట్టు మీద మిగతావాళ్ళయితే ధనధనా నడిచిపోయుండేవాళ్ళు. వీడు కాలు ఆన్చి చూసి, ఆగిపోతాడు. వీడు ఆగబట్టి మంద ఆగుతుంది, మంద ఆగబట్టి బతుకుతుంది.

కథ విని నూకరాజు అందరితోపాటు బావుందన్నాడు. లోపల మాత్రం భగ్గుమంది. ఇన్నాళ్ళూ బల్లకింద దాచుకున్న దాన్ని గురువుగారు ఇప్పుడు టీవీకెక్కించబోతున్నారు. పైగా దానికో ఘనకార్యం అంటగట్టి, దీపారాధన చేసి మరీ! సామర్లకోటలో అతని బావకి బోర్డులు రాసే కొట్టుంది. వచ్చి నాతో ఉండవోయ్ అని ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. ఈ దూడ కుంటితే తను ఈ మెట్లు దిగిపోవడమే అని నూకరాజు ఆ పూటే తేల్చుకున్నాడు. బోర్డులు రాయాలంటే నిచ్చెనెక్కాలనీ, నిచ్చెనెక్కితే వీధివీధంతా చూస్తుందనీ కోపంలో అతనికి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరూ రాకముందు గురువుగారి ఎదట నిలబడ్డాడు.

"గురువుగారూ, ఒక్కమాటండి. నలుగురికీ పనికొచ్చే పని చెయ్యాలంటే దూడ కుంటిదే అయ్యుండాలాండీ? నాలుక్కాళ్ళూ బావున్న దూడ చెయ్యలేదాండీ? తేడాగా పుట్టినవాడు పాపం ఏదో ఒక ఘనకార్యం చేస్తేగాని మందలో చోటివ్వరాండీ?"

ఆచారిగారు బ్లేడుతో పెన్సిలు చెక్కుకుంటున్నారు. చెక్కడం ఆపలేదు.

"నాలుక్కాళ్ళ దూడా చెయ్యొచ్చు" అన్నారు. "గీసుకురా."

నూకరాజుకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ గదిలో పని ఎలా జరిగేదంటే, నడకలో ముఖ్యమైన భంగిమలు ఒకరు గీసేవారు, వాటి మధ్య కదలికలన్నీ మరొకరు నింపేవారు. మధ్యబొమ్మలు నింపే ఆవిడ సలోమి. మాట కరుకు, చెయ్యి మెత్తన. ముఖ్యబొమ్మలు గీసినవాడు ఆ నడకని ఈ గోడ నుంచి ఆ గోడకి తనే నడిచి చూపించాలని అక్కడి ఆనవాయితీ. పులైనా, పీతైనా అంతే. కాగితం చూస్తే కాలు ఎక్కడుందో తెలుస్తుందిగాని, బరువెక్కడుందో తెలియదని ఆచారిగారి మాట. నూకరాజు ఆ ఆనవాయితీని ఎప్పుడూ తప్పించుకునేవాడు. "నేను నడిస్తే మీరు జెర్రిని కూడా కుంటిస్తారండి, వందకాళ్ళు పాడైపోతాయి, ఆ పాపం నాకెందుకు" అని నవ్వించి, వేరేవాళ్ళతో నడిపించేసేవాడు. ఈసారీ అంతే. మందలోని ఏడు గేదెలకీ సలోమి ఇదివరకే ఒక నడక నింపి పెట్టింది. నూకరాజు అదే నడకని గుమ్మడిగాడి కాళ్ళకి తొడిగాడు. నున్నటి నడక. నూనె రాసినట్టు సాగిపోయింది.

టీవీలో వేసే రోజున పైకి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆ మరకి శాశ్వత సభ్యుల్లాంటివాళ్ళు. ఒకరు బుల్లబ్బాయిగారు. కోడలు చెప్పిందల్లా ఆడించుకుపోయే పెద్దమనిషి. రెండో ఆవిడ వరహాలమ్మ, అట్లపిండి ఆడించుకుని వీధిలో అట్లు పోసుకునే మనిషి. టీవీలో ఎనిమిది గేదెలు గట్టు మీద నడిచిపోయాయి.

"బావుందండి" అన్నారు బుల్లబ్బాయిగారు. "ఇంతకీ మనం ఎవర్ని చూడాలండి?"

"ఆ ముందున్నదాన్ని సూడండి. కొమ్ములు సూశారా, ఎంత రాజసంగున్నాయో" అంది వరహాలమ్మ.

"అది వాళ్ళమ్మండి" అన్నాడు నూకరాజు.

"మరి దూడేదండి?" అన్నారు బుల్లబ్బాయిగారు.

"చివర్న వస్తుందికదండీ, గుండ్రంగా."

"చివర్నా? ఏదీ, మళ్ళీ వెయ్యండి." మళ్ళీ వేశారు. వరహాలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అది చిన్నదనుకోలేదు బాబూ, దూరంగా ఉందనుకున్నాను."

కథ చివర గట్టు దగ్గర దూడ ఆగినప్పుడు మంద అంతా ఒక్కసారే ఆగింది. కెమెరా చెడిపోయిందేమో చూడమని బుల్లబ్బాయిగారు సలహా ఇచ్చారు. ఇంతలో కిందనుంచి పిలుపొచ్చింది, ఇద్దరూ దిగిపోయారు.

నూకరాజు గురువుగారి వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు. తేడా కావాలి, అంతేగదా. తేడాకేం కరువు? కాళ్ళ జోలికి పోకుండా కూడా తేడా పెట్టొచ్చు. ఎర్రపెన్సిలు తీసుకుని గుమ్మడిగాడి మెడకి ప్రతి బొమ్మలోనూ ఎర్రటి గుడ్డపీలిక ఒకటి చుట్టాడు. గాలికి దాని కొస ఎగురుతూ ఉండేట్టు కూడా గీశాడు. ఆ పీలిక తన పనితనంలోకెల్లా గొప్పదని అతనికి అనిపించింది. కళ్ళున్నవాడెవడూ ఇక ఈ దూడని పోల్చుకోకుండా ఉండలేడు.

పోల్చుకున్నారు. టీవీ వెలగడం ఆలస్యం, వరహాలమ్మ ముఖం మాడిపోయింది.

"అయ్యో, తల్లీ! అమ్మోరికి వదిలేశారా దీన్ని?"

"అమ్మోరేంటండీ?"

"పోతుదూడ మెడకి ఎర్రగుడ్డ కడితే ఇంకేటి బాబూ? జాతరకి మొక్కుకున్నదన్నమాటే. పసుపు కూడా రాశారా?"

"పసుపు లేదండి" అన్నాడు నూకరాజు దీనంగా.

"రాస్తార్లెండి, జాతరనాడు రాస్తారు" అని బుల్లబ్బాయిగారు ఊరడించారు. "ఇదెన్నాళ్ళు తిరుగుతాదండీ పాపం? మా చిన్నప్పుడు మా పేటలో ఒకటుండేది. అందరూ దానికి గడ్డి పెట్టేవాళ్ళు, ఎవరూ దాని కళ్ళల్లోకి సూసేవారు కాదు."

దూడ మంద ప్రాణాలు కాపాడినచోట వరహాలమ్మ ముక్కు చీదుకుంది. "ఎంత కాపాడితే ఏం లాభం, జాతర ఆగుద్దా?" అంటూ పిండిగిన్నె పైనే మరిచిపోయి మెట్లు దిగింది.

నూకరాజు తన దూడని చూశాడు. సొంతకాలు తీసేసి, పైనుంచి ఓ గుర్తు కట్టేసరికి, వాడు నున్నగా, చక్కగా, కత్తి దగ్గరికి నడిచిపోతున్నాడు. ఆ పీలిక తను కట్టిందే. అలాంటి పీలిక తన మెడకి కూడా ఒకటి ఉందేమోనని, పోస్టూ బస్సూ జోకులు వేసి వేసి దాని కొస గాలికి ఎగరేస్తున్నది తనేనేమోనని ఓ క్షణం అనిపించింది. అనిపించగానే సామర్లకోట గుర్తొచ్చింది. సోమవారం వస్తున్నానని బావకి కబురు పెట్టేశాడు.

వెళ్ళేలోపు ఒక్కటి చేసి పోదామనుకున్నాడు. ఎవరికోసమూ కాదు, ఆ దూడ రుణం ఉంచుకోకూడదని. అందరూ వెళ్ళాక గోడకున్న అద్దం ముందు కాలు వేసి, ఓరకంట చూసుకుని, గుమ్మడిగాడి ముఖ్యబొమ్మలు మళ్ళీ గీశాడు. ఎర్రపీలిక తీసేశాడు. కాగితాలు సలోమి బల్ల మీద పెట్టి, ఇక తన పనైపోయిందనుకున్నాడు.

మర్నాడు సలోమి ఆ కాగితాలు తెచ్చి అతని ముందు పడేసింది. "ఇది కుదరట్లేదండి. నాకు అలవాటేంటండీ, రెండు బొమ్మల మధ్య బొమ్మని సరిగ్గా మధ్యలో పెడతాను. అలా పెడితే మీ దూడ కుంటట్లేదు, జారుతోంది. అరటితొక్క మీద కాలేసినట్టుంది. నడిచి చూపించండి."

"నా నడక చూస్తే మీ కళ్ళు..."

"నవ్వించకండి. నవ్విస్తా నడిస్తే నాకు కాలు కనపడదు. నోరు మూసుకుని నడవండి, బాబ్బాబు."

నూకరాజు లేచాడు. ఆ గోడ దాకా ఉన్న నేల అతనికి కోటిపల్లి రేవులో గోదావరంత వెడల్పుగా కనిపించింది. జోకు లేకుండా మనుషుల ముందు నడవడం అతనికి గుర్తున్నంతలో ఇదే మొదలు. చొక్కా లేకుండా వీధిలోకి వచ్చినట్టుంది. అయినా నడిచాడు. గోడ తగిలాక తిరిగి చూస్తే, నవ్వుదామనో జాలిపడదామనో అక్కడ ఎవరూ లేరు. సలోమి నేలమీద చతికిలబడి, పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుని, అతని మడమని చూస్తోంది, బంగారం చూసే కంసాలి చూపుతో.

"మళ్ళీ రండి. ... మళ్ళీ. ... ఆగండాగండి! మీరు దాన్ని ఈడవట్లేదండీ."

"ఈడ్చకపోతే మరి?"

"ముందు వేలు ఆన్చి చూస్తున్నారు. నేల మీద నమ్మకం కుదిరాకే బరువేస్తున్నారు. అక్కడ ఒక ఆగుడుంది. నేనా ఆగుడుని తినేస్తున్నాను."

ఇన్నేళ్ళూ ఆ కాలితో కాపురం చేసిన నూకరాజుకి ఈ సంగతి తెలియదు. అతను దాన్ని గురించి ఇన్ని జోకులు వేశాడుగాని, ఎన్నడూ తేరిపార చూసిన పాపాన పోలేదు.

మూడోసారి టీవీ పెట్టిన రోజు శనివారం. మరకి గిరాకీ ఎక్కువ, గది నిండిపోయింది. నూకరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు, ఇటునుంచిటే మెట్లు దిగిపోవడానికి వీలుగా. టీవీలో మంద గట్టెక్కింది. ఏడుగురూ వెళ్ళిపోయారు. కాసేపు ఖాళీ గట్టు. అప్పుడు వచ్చాడు గుమ్మడిగాడు. గిట్ట కొస ఆన్చాడు, ఆగాడు, బరువేశాడు, ఊగాడు.

బుల్లబ్బాయిగారు పకాల్న నవ్వారు. "ఇది మన నూకరాజుగారి నడకేనండీ! అచ్చం దించేశారు!"

గదంతా తిరిగి తలుపువైపు చూసింది. ఏ గడియ కోసం నూకరాజు జీవితమంతా జోకులు కూడబెట్టుకున్నాడో ఆ గడియ వచ్చి కూచుంది. పోస్టు జోకు నాలిక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాడు.

"ఔనండి. నాదే" అన్నాడు.

ఎవరో దగ్గారు. ఈలోగా టీవీలో వాన మొదలైంది. మంద వెనక్కి తిరిగింది, చివరివాడు మొదటివాడయ్యాడు. చూపులన్నీ అటు తిరిగిపోయాయి. గుమ్మడిగాడు గిట్ట కొస ఆన్చాడు. గట్టు అంచునుంచి చిన్న మట్టిపెళ్ళ ఒకటి జారి నీళ్ళలో పడింది.

"ఆగరా అయ్యా, ఆగు" అంది వరహాలమ్మ గొణుగుతున్నట్టు.

వెనకనుంచి మంద తోస్తోంది. వెనకున్న గేదె కొమ్ముతో పొడిచింది. దూడ ఊగుతున్నాడు, కదలట్లేదు. కిందనుంచి మరవాడు కేకేశాడు, వరహాలమ్మగారూ మీ పిండయిపోయిందండోయ్ అని. "ఉండరా, సచ్చినోడా" అంది ఆవిడ, కళ్ళు తిప్పకుండా. ఎదట గట్టు ముక్కలై ఏట్లోకి కూలిపోయింది. మంద నిశ్శబ్దంగా పక్కకి దిగి, చేలకడ్డంపడి ఇంటిదారి పట్టింది. వాడు మళ్ళీ చివరివాడే అయ్యాడు. మిగతా దూడలు వాణ్ణి ఆటలో చేర్చుకున్నాయో లేదో కథలో లేదు.

జనం లేచారు. బుల్లబ్బాయిగారు తలుపు దాటుతూ నూకరాజు దగ్గర ఆగి, అతని భుజమ్మీద చెయ్యివేసి మెట్లు దిగడం మొదలెట్టారు. ఎందుకోగాని ఒక్కో మెట్టు మీదా ముందు వేలు ఆన్చి చూసుకుంటూ దిగారు.

గది ఖాళీ అయ్యాక నూకరాజు గురువుగారి దగ్గరికొచ్చాడు. బల్లలన్నీ ఖాళీగా ఉన్నా వెళ్ళి కూచోలేదు, నిలబడే మాట్లాడాడు.

"అయితే కథానాయకుడు కుంటివాడే కావాలన్నమాటండి."

"నేనన్నానా?" అన్నారు ఆచారిగారు.

"మీరేదీ అనరు కదండీ. మరి నా ప్రశ్నకి జవాబేంటండి?"

ఆచారిగారు పెన్సిలు పక్కన పెట్టారు. మందలోని ఏడు గేదెల కాగితాలు కట్టగా తీసి, బొటనవేలితో గబగబా తిప్పారు. ఏడు గేదెలూ ఒక్కలాగే కాలెత్తి, ఒక్కలాగే దించి, నున్నగా సాగిపోయాయి. ఆ కట్ట నూకరాజు చేతిలో పెట్టారు.

"నీ గుమ్మడిగాడికి ఇంక ఫరవాలేదు" అన్నారు. "వీళ్ళ సంగతి చూడు. పాపం, వీళ్ళకింకా నడక రాలేదు."